మరక మీద నుంచి చూపు మరలదు

ప్రశ్న: మా అబ్బాయికి ఓసీడీ (వద్దన్నా వదలని భయపు ఆలోచనలు, వాటిని తగ్గించుకోడానికి చేసిందే మళ్లీమళ్లీ చేయడం). ఏ గదిలోకి వెళ్లినా మాకెవరికీ కనిపించని మరక వాడి కంటపడుతుంది, ఇక చూపు తిప్పుకోలేడు. ‘అటు చూడకురా’ అంటే ఇంకా ఎక్కువ చూస్తాడు. ధ్యాస మళ్లించే యాప్‌లు కొనొచ్చా?

జవాబు: యాప్‌ల జోలికి పోకండి. వాటికి మూలం 1986 నాటి డాట్ ప్రోబ్ పరీక్ష. భయపెట్టే మాట, మామూలు మాట తెరమీద అర సెకను కనిపించి మాయమవుతాయి. ఒకదాని చోట చుక్క వస్తుంది, వెంటనే మీట నొక్కాలి. భయపెట్టే మాట ఉన్న చోట చుక్క వచ్చినప్పుడే చెయ్యి చురుగ్గా కదిలితే, ధ్యాస ముందే అక్కడుందన్నమాట. యాప్‌లో చుక్క ఎప్పుడూ మామూలు మాట వైపే వస్తుంది, అంతే తేడా. ఆందోళన ఉన్నవారిలో ఈ మొగ్గు కనిపించింది కానీ, ఓసీడీలో ఫలితాలు నిలకడగా లేవు.

చూపు పడటం అంత పెద్ద చిక్కు కాదు. పడ్డాక తుడవడం, కడగడం, పక్కకు తప్పుకోవడం చిక్కు. తుడిస్తే భయం దిగుతుంది. దాంతో ఆ మరక నిజంగానే ప్రమాదమని మెదడు ఖాయం చేసుకుని, మరోసారి ఇంకా ముందే పట్టేస్తుంది. మీ ‘చూడకురా’ కూడా అదే నేర్పుతుంది.

దీనికి వాడే చికిత్స ఈఆర్‌పీ, అంటే భయపెట్టేదాన్ని కావాలనే ఎదుర్కొని, ఆ తర్వాత కడగడం, తుడవడం లాంటివి చేయకుండా ఉండటం. థెరపిస్టు సాయంతో భయాలకు 0 నుంచి 100 వరకు మార్కులు వేయించి, 40 దగ్గరున్న దానితో మొదలుపెట్టండి. అది తలుపు పిడి అనుకుంటే, వేలి కొసతో కాదు, అరచేయి మొత్తం ఆనించాలి. అదే చేత్తో చొక్కా, ఫోను, దిండు తాకాలి. కడగకూడదు. భయం సున్నాకు రావాలని పట్టుబట్టకండి, భయం ఉండగానే మామూలు పనిలో పడితే చాలు. ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే: ప్యాంటుకు గుట్టుగా చెయ్యి రాసుకుంటారు, లోపల అంకెలు లెక్కపెడతారు, ‘రాత్రికి స్నానం చేస్తాగా’ అని సర్దిచెప్పుకుంటారు. మరక ఇంకా ఉందా అని తదేకంగా వెతకడమూ తనిఖీయే.

‘ఏం కాదులే’ అని మీరు పదేపదే అనడం కూడా కడగడం లాంటిదే. ‘అది ఓసీడీ ప్రశ్న, జవాబు చెప్పను’ అనే ఒక్క మాట ముందే ఇద్దరూ అనుకుని పెట్టుకోండి.

ప్రశ్న: గ్యాస్ కట్టేశానా అని ఎన్నిసార్లు చూసినా నమ్మకం కుదరదు. మతిమరుపా?

జవాబు: కాదు. 2003లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కంప్యూటర్ తెరమీది గ్యాస్ స్టవ్‌ను మళ్లీమళ్లీ తనిఖీ చేయించారు. జ్ఞాపకం తప్పలేదు గానీ, దాని మీద నమ్మకం సన్నగిల్లింది. ఒక్కసారి కట్టి, వెంటనే వంటగది వదిలేయండి.