పుట్టగానే ఏడవలేదు.. ఏడాది దాకా ఆగి చూడొచ్చా?

ప్రశ్న: మా బాబుకు ఐదు నెలలు. నెలలు నిండాకే పుట్టాడు కానీ వెంటనే ఏడవలేదు. రెండో రోజు ఫిట్స్ వస్తే ఎన్‌ఐసీయూలో పెట్టారు. మెదడు కొంత దెబ్బతిందని ఎంఆర్‌ఐ చూసి చెప్పారు. ఇప్పటికీ మెడ నిలపడం లేదు, కుడి పిడికిలి ఎప్పుడూ బిగించే ఉంచుతాడు. ‘కొందరు పిల్లలు అంతే, ఏడాది ఆగండి’ అంటున్నారు ఇంట్లో పెద్దవాళ్లు. ఆగొచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వద్దమ్మా, ఆగొద్దు. మామూలుగా నాలుగు నెలలకు మెడ నిలుస్తుంది, పిడికిళ్లు విచ్చుకుంటాయి. ఏడాది లోపు పిల్లలు రెండు చేతులూ సమానంగా వాడతారు. ఒక చెయ్యే వెనకబడిందంటే పరీక్ష చేయించాల్సిందే.

పోయిన మెదడు కణాలు తిరిగి రావు. కానీ మొదటి రెండేళ్లలో మిగతా మెదడు చాలా వేగంగా కొత్త కనెక్షన్లు ఏర్పరచుకుంటుంది. వాడే కొద్దీ అవి బలపడతాయి, వాడకపోతే సన్నగిల్లుతాయి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాకపోవడం) అని ఎవరైనా తేల్చి చెప్పేదాకా చూడక్కర్లేదు. బాబు హై రిస్క్ కిందికి వస్తాడు, థెరపీ మొదలుపెట్టడానికి అది చాలు.

ఎక్కువ పని జరిగేది ఇంట్లోనే. బాబును ఎడమవైపు తిప్పి పడుకోబెట్టండి, కుడిచెయ్యి పైన ఉంటుంది. చేతికి అందేంత దూరంలో గిలక్కాయో, మెరిసే స్టీలు గిన్నో పెట్టి ఆగండి. వెంటనే చేతిలో పెట్టేయొద్దు. వాడు చూస్తాడు, భుజం కదుపుతాడు, వేళ్లు కొద్దిగా విప్పుతాడు. ఆ ప్రయత్నమే మనకు కావాలి. మెలకువగా ఉన్నప్పుడు మీ ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టుకుని మాట్లాడితే, మీ ముఖం కోసం తల ఎత్తుతాడు. రోజులో చాలాసార్లు, కొద్ది నిమిషాలే చేయించండి. నూనె మర్దన చేస్తే తప్పు లేదు. కాకపోతే మర్దనతో కదలడం రాదు, వాడంతట వాడు కదిలితేనే వస్తుంది. పిడికిలిని బలవంతంగా లాగి తెరవొద్దు. వాకర్ కొనొద్దు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లంటూ ఎవరైనా చెబితే డబ్బు పోగొట్టుకోకండి, ఈ సమస్యకు అవి ఆమోదం పొందిన చికిత్స కాదు.

చూపు, వినికిడి పరీక్షలు తప్పనిసరి. వినికిడికి బెరా టెస్ట్ చేస్తారు. పాలు తాగుతూ పొలమారుతుంటే అదీ డాక్టరుకు చెప్పండి.

ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల) పథకం కింద జిల్లాల్లో డైక్ (పిల్లల సమస్యలను ముందుగానే గుర్తించి చికిత్స చేసే) కేంద్రాలు పెట్టారు. అక్కడ పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు సేవలు ఉచితం. జిల్లా ఆస్పత్రిలో అడిగితే దారి చూపిస్తారు. సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ)లోనూ పసిపిల్లలకు ఈ సేవలున్నాయి.

ఒక్కటి మాత్రం బాగా గమనించండి. నిద్ర లేచాక తల ముందుకు వాల్చి, చేతులు ఒక్కసారిగా చాపి, ఉలిక్కిపడినట్టు వరుసగా చేస్తుంటే కడుపునొప్పి అనుకోవద్దు. అది ఒక రకం ఫిట్స్ కావచ్చు, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఫోన్‌లో వీడియో తీసి, అదే రోజు పిల్లల న్యూరాలజిస్టుకు చూపించండి.