తహసీల్దారు ఆఫీసులో ఫైలు కదలకపోతే లోకాయుక్తకు రాయడం వల్ల ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది, కానీ మీరు అనుకునే రకంగా కాదు. తండ్రి పేరు మీదున్న భూమిని మీ పేరుకు మార్చకుండా ఏడాదిగా తిప్పుతున్నారని, అధికారుల మీద ఫిర్యాదులు విచారించే లోకాయుక్త ఆర్డరేస్తే పాసుపుస్తకం వచ్చేస్తుందా అని అడిగారు. లోకాయుక్త పాసుపుస్తకం ఇవ్వదు. విచారించి పై అధికారికి సిఫారసు చేస్తుంది, అంతవరకే. అయితే ఫైలు ఎందుకు ఆగిందో ఆ ఆఫీసు చేత కాగితం మీద చెప్పిస్తుంది. మా పని జరిగింది అక్కడే.

మాది తిరుపతి పక్కనే. మా నాయన పోయాక మ్యుటేషన్‌కు, అంటే రికార్డులో పేరు మార్పుకు, మీసేవలో అర్జీ పెట్టాం. వీఆర్వోను అడిగితే ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) దగ్గరుందంటాడు, ఆర్‌ఐని అడిగితే సర్వేయరు రావాలంటాడు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వేరుపడ్డాక ఇంకో సాకు దొరికింది: పాత రికార్డు చిత్తూరులో ఉందట. సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇస్తే రశీదు వెంటనే చేతిలో పెట్టారు. కానీ ఆ అర్జీ తిరిగి చేరేది అదే మండల ఆఫీసుకే కదా. కొన్నాళ్లకు మీ సమస్య పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్. అర్జీ మీద వాళ్లు రాసిచ్చిన జవాబు, అదే ఎండార్స్‌మెంట్, తీసి చూస్తే 'అర్జీదారునికి తెలియజేయడమైనది' అని ఒక్క ముక్క. ఏం తెలియజేశారో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి.

ఆ ముక్కే మాకు పనికొచ్చింది. లోకాయుక్తకు రాసిన ఫిర్యాదులో 'లంచగొండులు, న్యాయం చేయండి' లాంటి మాటలేవీ పెట్టలేదు. ఫలానా తేదీ, ఫలానా నంబరు అర్జీ, ఇవీ పత్రాలు. ఇంతవరకు ఆమోదించలేదు, తిరస్కరించనూ లేదు, పైగా పరిష్కరించినట్టు మూసేశారు. అంతే రాశాం. అఫిడవిట్ తప్పనిసరి. నోటరీ చేయించి కర్నూలులోని లోకాయుక్త ఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో పంపాం. లాయరు అక్కర్లేదు.

పై నుంచి రిపోర్టు అడిగినట్టున్నారు, మండల ఆఫీసులో అంతవరకూ 'ఏంపా' అన్న గొంతే ఫోన్ చేసి 'సార్, ఒకసారి వచ్చిపోండి' అంది. వాళ్ల రిపోర్టులో మాత్రం కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ జతచేయలేదని రాశారు! అంతకుముందే సమాచార హక్కు కింద ఫైలు కాపీ తెచ్చుకున్నాం, అందులో ఆ సర్టిఫికెట్ నిక్షేపంగా ఉంది. దాన్నే జతచేసి జవాబిచ్చాం. పాసుపుస్తకం వచ్చింది, ఫిర్యాదు ముగించారు. తిప్పినవాళ్ల మీద చర్యేమీ లేదు. మా ఆవిడకు ఇప్పటికీ ఆ మంట ఉంది, నాకైతే పేరు మారితే చాలనిపించింది.

అన్నదమ్ముల మధ్య వాటాల తగాదా ఉంటే మాత్రం ఈ దారి వద్దు, అది సివిల్ కోర్టులో తేలాల్సిందే. మీకు ఆ గొడవ లేకపోతే ముందు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఫైలు కాపీ నోట్‌ షీట్లతో (ఫైలు మీద అధికారులు రాసుకునే పేజీలు) సహా అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. గ్రీవెన్స్ ఎండార్స్‌మెంట్ వచ్చి ఉంటే పేరూ సర్వే నంబరూ కొట్టేసి ఇక్కడ పెట్టండి. ఏ పాయింటు పట్టుకోవాలో చూసి చెప్తాను.