చెప్పుల డబ్బులు ఎవరి ఖాతాలోంచి?

ప్రశ్న: మాది విశాఖ, మధురవాడ. మావారు ఫార్మా కంపెనీలో చేస్తారు, చేతికి నెలకి 84,000 వస్తుంది. నేను ఒక ల్యాబ్‌లో అకౌంట్స్ చూసేదాన్ని, 26,000 వచ్చేది. రెండేళ్ల క్రితం మానేసి పాపకి (9), బాబుకి (7) ఇంట్లోనే చదువు చెబుతున్నాను. పొద్దున్నే బస్సు హారన్ లేదు, పరుగులు లేవు, పిల్లలు వేడివేడిగా తిని కూర్చుంటారు. నిజంగా హాయిగా ఉన్నాం. కానీ నెలాఖరుకి పైసా మిగలట్లేదు. ‘చదువుకున్నదానివి, జీతం వదులుకుని ఇంట్లో కూర్చున్నావు’ అని అత్తగారు అంటుంటారు. మళ్ళీ ఉద్యోగంలో చేరమంటారా?

జవాబు: మీ ఉత్తరం చాలా పెద్దది. పైన ఇచ్చింది అందులో నాలుగో వంతు కూడా కాదు. ఖర్చుల పట్టిక పాల ప్యాకెట్ల దగ్గర్నుంచి రాసి పంపారు, అకౌంట్స్ చేసినావిడ అని చూడగానే తెలిసిపోయింది. అందుకే నేనూ లెక్కలతోనే మొదలుపెడతాను.

ముందు మీ అత్తగారి లెక్క. ఆవిడ దృష్టిలో మీరు ఏటా 3,12,000 పోగొడుతున్నారు. ఆ జీతం తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు ఆవిడ లెక్కలో లేదు. సాయంత్రం దాకా పిల్లల్ని చూసుకునే ఆయాకి నెలకి 5,000, స్కూటీ పెట్రోలు, బయట టిఫిన్లు కలిపి 2,000. ఏడాదికి 84,000 అయ్యేది. అది పోను మీ జీతంలో ఇంటికి చేరింది 2,28,000. ఇక స్కూలు వైపు చూస్తే ఇద్దరి ఫీజులు 1,45,000, బస్సు 38,000, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, ప్రాజెక్టు వర్కు పేరుతో కొనిపించే థర్మోకోల్ వగైరా 27,000. మొత్తం 2,10,000 తప్పింది. ఇంటి చదువుకి నెలకి 6,500 చొప్పున 78,000 పెడుతున్నారు కాబట్టి నికరంగా మిగిలింది 1,32,000. అంటే మీరు ఉద్యోగం మానడం వల్ల ఇంటికి నిజంగా తగ్గింది ఏడాదికి 96,000. నెలకి 8,000. 26,000 కాదు.

మరి నెలాఖరుకి ఎందుకు మిగలట్లేదు? మీ పట్టికలోనే ఉంది. కారు ఈఎంఐ 11,500. నిరుడు తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో కూడా మీరే రాశారు, ‘ఫీజులు మిగులుతున్నాయి కదా అని’. పన్నెండు నెలలకి 1,38,000. పిల్లల్ని స్కూలు మానిపించి మిగుల్చుకున్న 1,32,000 అంతా, పైన ఇంకో ఆరు వేలు వేసుకుని మరీ, కారు మింగేసింది. పెట్రోలు, ఇన్సూరెన్సు నేను కలపలేదు.

ఇందులో మిమ్మల్ని తప్పుపట్టడానికేం లేదు. ఫీజు ఉన్నప్పుడు జూన్ వస్తోందంటే భయంతోనైనా దాచుకుంటాం. ఫీజు లేకపోతే ఆ భయం ఉండదు, డబ్బు ఏదో ఒక దారి చూసుకుంటుంది. కొందరి ఇళ్లలో పెద్ద టీవీ, మరికొందరి ఇళ్లలో ఆన్‌లైన్ కోర్సుల చందాలు. మీ ఇంట్లో కారు.

ఆ కారు కింద పిల్లి మూడు కూనల్ని పెట్టిందనీ, ఏ కూన ఏ రోజు కళ్ళు తెరిచిందో పాప నోటు పుస్తకంలో తేదీలతో సహా రాస్తోందనీ, అవి పెద్దయ్యేదాకా కారు తీయనివ్వట్లేదనీ మురిసిపోతూ రాశారు. చదువుతుంటే నాకూ ముచ్చటేసింది. కానీ వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది? మూడు వారాలు కారు కదలకపోయినా మీ ఇంట్లో ఏ పనీ ఆగలేదన్నది నాకు కనబడింది. ఈ పేరా మీవారికి చదివి వినిపించండి.

ఇప్పుడు అసలు సంగతి. ఉత్తరం చివర్లో, సంతకానికి ముందు, ఒక వాక్యం రాశారు. ‘రెండేళ్లుగా చెప్పులు కూడా ఆయన్ని అడిగే కొనుక్కుంటున్నాను, ఆయన ఏమీ అనరు, కానీ అడగాలంటే ఏదోలా ఉంటుంది’ అని. నన్నడిగితే మీ ప్రశ్న ఇదే. ఉద్యోగంలో చేరాలా వద్దా అన్నది దీని వెనకాల వచ్చింది. ఇంట్లో అందరూ హాయిగా ఉన్నారు, కానీ ఆ హాయిని రోజూ వండి వడ్డిస్తున్న మనిషి పేరు మీద ఒక్క రూపాయీ జమ కావట్లేదు. ల్యాబ్‌లో ఉన్నప్పుడు మీ జీతంలోంచి 1,800, యాజమాన్యం వైపు నుంచి 1,800, నెలకి 3,600 పీఎఫ్ పేరుతో మీ భవిష్యత్తుకి వెళ్లేవి. ఈ రెండేళ్లలో అలా ఆగిపోయింది 86,400. ఈ నష్టం నెలవారీ బడ్జెట్‌లో కనబడదు. మీకు అరవై వచ్చినప్పుడు కనబడుతుంది.

కాబట్టి నా సలహా ఇది. కారు అమ్మేయండి. మీరు రాసిన అంకెల ప్రకారం లోను తీరగా 60, 70 వేలు చేతికి రావచ్చు, దాన్ని ఎఫ్‌డీ చేసి పక్కన పెట్టండి. నెలనెలా తప్పే 11,500లో ముందుగా 4,000 మీ పేరు మీద ప్రభుత్వ పొదుపు పథకం పీపీఎఫ్‌కి. ప్రస్తుతం వడ్డీ 7.1 శాతం, దాని మీద పన్ను లేదు. రేటు ఇలాగే ఉంటే పదిహేనేళ్లకి దాదాపు 12.6 లక్షలవుతుంది. ఇంకో 2,500 మీ సొంత ఖాతాకి, జీతం పడిన రోజే. దీనికి లెక్క చెప్పక్కర్లేదు, చెప్పులు కొనుక్కుంటారో, పిల్లలకి ఐస్‌క్రీం కొనిపెడతారో మీ ఇష్టం. చిన్న మొత్తమే కానీ ఈ 2,500 విషయంలో మాత్రం బేరమాడకండి.

మీవారికి టర్మ్ పాలసీ (మనిషి పోతేనే కుటుంబానికి డబ్బు వచ్చే బీమా) లేకపోవడం చూసి కొంచెం టెన్షన్ పడ్డాను. పిల్లల పేరుతో నెలకి 4,500 కడుతున్న పాలసీలో బీమా మొత్తం 6 లక్షలే. ఒకే జీతం మీద, ఇంటి లోను మీద నడిచే సంసారానికి అది ఏ మూలకి? కోటి రూపాయల టర్మ్ పాలసీకి మీవారి వయసులో, సిగరెట్టు అలవాటు లేకపోతే, నెలకి సుమారు 1,500 అవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల మీద జీఎస్టీ కూడా తీసేశారు. పాలసీ తీసుకునేటప్పుడే, వివాహిత మహిళల ఆస్తి చట్టం, 1874 కింద తీసుకుంటున్నట్టు ఫారంలో టిక్కు పెట్టించండి. అప్పుడు ఆ డబ్బు మీకూ పిల్లలకే చెందుతుంది, అప్పులవాళ్ళు చెయ్యి వేయలేరు. తర్వాత గుర్తొచ్చి మారుస్తామంటే కుదరదు. కంపెనీ ఇచ్చే మెడికల్ కార్డు ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి నలుగురికీ కలిపి సొంతంగా ఒక ఆరోగ్య పాలసీకి 2,000 పక్కన పెట్టండి.

మిగిలిన 1,500 పాప పేరు మీద సుకన్య ఖాతాకి, ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు పథకం అది. ఇక్కడ మాత్రం తొందరపడాలి. పాపకి ఆగస్టులో పదేళ్లు నిండుతాయని రాశారు. పదేళ్లు దాటితే సుకన్య ఖాతా తెరవనివ్వరు. ఏడాదికి కనీసం 250 కడితే చాలు, పదిహేనేళ్లు కట్టాలి, ప్రస్తుత వడ్డీ 8.2 శాతం. పాపకి పద్దెనిమిది నిండాక చదువు కోసం నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు.

చీటీ మాటేమిటంటారా? రిజిస్టరైన కంపెనీదే అన్నారు కాబట్టి నెలకి 10,000 కట్టే ఆ 5 లక్షల చీటీని పాడుకోకుండా చివరిదాకా ఉంచండి. ఇంకా పధ్నాలుగు వాయిదాలే. కమిషన్ పోగా వచ్చే మొత్తం మీ ఆరు నెలల ఖర్చుకి సరిపోతుంది. ఇంకో చీటీ మాత్రం వేయకండి. అప్పుడు ఖాళీ అయ్యే 10,000ని పాప ఇంటర్ కోసం మళ్ళించండి, సగం రికరింగ్ డిపాజిట్, సగం షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్. ఎందుకంటే ఇంటి చదువు ఎప్పటికీ ఇలాగే చవగ్గా సాగుతుందనుకోవద్దు. పధ్నాలుగేళ్లు నిండితే ఏపీ ఓపెన్ స్కూల్‌లో గానీ, కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్‌లో గానీ పదో తరగతి రాయొచ్చు. ఎన్ఐఓఎస్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరులలో జరుగుతాయి. ఖర్చు వేలల్లోనే. ఆ తర్వాత పాప ‘నేనూ అందరిలా కాలేజీకి వెళ్తా’ అనొచ్చు. అన్నప్పుడు ఫీజు చూసి మీరు వద్దనే పరిస్థితి రాకూడదు.

పిల్లల ఫీజు మీద వచ్చే 80సీ పన్ను మినహాయింపు పోయిందని మీవారి కొలీగ్ అన్న మాట వదిలేయండి. కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపు ఎలాగూ లేదు, 2025–26 నుంచి 12 లక్షల దాకా ఆదాయానికి పన్నూ పడదు.

ఇక ఉద్యోగం. డబ్బు కోసమే అయితే ఇప్పుడు చేరక్కర్లేదు. చెయ్యి మరిచిపోకుండా ఉండటానికి మాత్రం ఒకటి రెండు షాపుల జీఎస్టీ పని ఇంటి నుంచే చూడండి. నెలలో 11వ తేదీకి ఒకటి, 20వ తేదీకి ఒకటి, రెండు రిటర్నులు, మీకు కొట్టిన పిండే. మూడో షాపు వస్తే వద్దనండి. 20వ తేదీ రాత్రి పోర్టల్ తెరుచుకోక, ఆ విసుగంతా లెక్కల పుస్తకం పట్టుకొచ్చిన బాబు మీద చూపించే అకౌంటెంట్లని నేను చూశాను, మా ఇంట్లోనే ఒకరున్నారు.

మీ అత్తగారికి ఆ 8,000 లెక్క చెప్పండి, కానీ గెలవాలని కాదు. మధ్యాహ్నం ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే బాబు పక్కన కూర్చుని పదేసి గింజలు కుప్పలు పెట్టి ఎక్కాలు చెబుతాడని రాశారు కదా. ఇంటి బడిలో రెండో టీచరు ఆవిడే, ఆ సంగతి ఆవిడకి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

ఈ వారమే పాప బర్త్ సర్టిఫికెట్, మీ ఆధార్, పాన్, ఫొటోలు తీసుకుని పోస్టాఫీసుకి వెళ్ళండి. సుకన్య, పీపీఎఫ్ రెండూ అక్కడే అయిపోతాయి. కారు కొనేవాళ్ళని మాత్రం కూనలు నడక నేర్చి కారు కింది నుంచి బయటికొచ్చాకే రమ్మనండి.