ఐస్ వద్దంటే సరిపోతుందా?

ప్రశ్న: ఎండాకాలం వస్తే సాయంత్రాలు మార్కెట్ దగ్గర బండి మీద బత్తాయి జ్యూసో చెరకు రసమో తాగడం మాకు అలవాటు. "ఐస్ వేయకు బాబూ" అని ప్రతిసారీ చెప్తాను, అందుకే ధైర్యంగా ఉన్నా. మొన్న మా పాపకి టైఫాయిడ్ అని తేలింది. జ్వరం రాకముందు రెండు రోజులూ బయటేమీ తాగలేదు. మరి ఎలా వచ్చినట్టు? బయట జ్యూస్ మానేయాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆ రెండు రోజుల లెక్క వదిలేయండమ్మా. టైఫాయిడ్ క్రిమి ఒంట్లోకి వెళ్ళాక జ్వరం బయటపడటానికి మామూలుగా ఒకటి రెండు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అందుకే నిన్న తాగిన బండిని తిట్టుకుంటాం, అసలుది ఎక్కడో వెనకాల ఉండిపోతుంది. అది జ్యూసే అని కూడా చెప్పలేం, మంచినీళ్ళు కావచ్చు, పానీపూరీ కావచ్చు.

ఐస్ వద్దనడం మంచిదే. గడ్డ కడితే క్రిములన్నీ చస్తాయనుకోవడం ఉత్త భ్రమ. తినడానికి పనికిరాని ఐస్‌కి నీలిరంగు కలపాలని దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లోనే చెప్పింది, అలాగని తెల్లగా ఉన్నదల్లా శుభ్రమైన నీళ్ళతో చేసిందనీ కాదు, గోనెసంచి మీద పెట్టి పగలగొట్టేదాన్ని మీరూ చూసే ఉంటారు.

కానీ ఈసారి బండి దగ్గర ఐస్‌ని వదిలేసి బకెట్‌ని చూడండి. పొద్దున పోసిన నీళ్ళలోనే సాయంత్రం దాకా గ్లాసులు ముంచి తీస్తుంటారు, కత్తి తుడిచిన గుడ్డతోనే బల్ల, చేతులు, ఆఖరికి గ్లాసు అంచు కూడా. పండు లోపల శుభ్రంగానే ఉంటుంది, తొక్క మీది మురికిని కత్తే లోపలికి తీసుకెళ్తుంది. గిరాకీ కోసం ముందే ఒలిచి పెట్టిన బత్తాయిల మీద ఈగల సంగతి సరేసరి. ఎండవేడికి, కడుపు జబ్బులు తెచ్చే ఈ.కోలి లాంటి క్రిములు అనుకూలిస్తే 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి, అంటే ఒక్కటి మూడు గంటల్లో ఐదొందలు దాటుతుంది.

బత్తాయిలో పులుపుంది కదా అంటారు. పులుపు వాటి జోరు తగ్గిస్తుంది, చంపేస్తుందన్న గ్యారంటీ లేదు. 1996లో అమెరికాలో మరిగించని యాపిల్ జ్యూస్ వల్ల పదుల మంది ఈ.కోలి బారిన పడ్డారు, ఒక పసిపాప చనిపోయింది కూడా. చెరకు రసంలో ఆ పులుపూ పెద్దగా లేదు, పైగా రోలర్ల సందుల్లో పాత పిప్పి. నన్నడిగితే, రెండింటిలో నాకు చెరకు రసమంటేనే ఎక్కువ భయం.

పూర్తిగా మానేయమని చెప్పను, చెప్పినా ఎవరు వింటారు? పండు మన ముందే కడిగి, కోసి, వెంటనే ఇచ్చేచోట తాగండి. కుళాయి నీళ్ళు పారుతూ గ్లాసులు కడిగే షాపయితే ఇంకా నయం. గర్భిణులు, ముసలివాళ్ళు, చిన్నపిల్లలు మాత్రం బండి జ్యూస్ జోలికి పోవద్దు, అప్పటికప్పుడు కొట్టిన కొబ్బరిబోండాం తాగండి.

పాపకి జ్వరం తగ్గగానే మందులు ఆపేయకండి, డాక్టర్ చెప్పిన కోర్సంతా వాడాలి. టైఫాయిడ్‌కి టీకా ఉంది, మన హైదరాబాద్‌లోనే తయారవుతుంది, పాప పూర్తిగా కోలుకున్నాక ఎప్పుడు వేయించాలో డాక్టర్‌నే అడగండి.