తలకు దెబ్బ తగిలింది కానీ స్పృహ తప్పలేదు, ఎల్లుండి మ్యాచ్ ఆడించొచ్చా?

బంతి కోసం ఎగిరినప్పుడు మీ అబ్బాయి కణతకు అవతలివాడి మోచెయ్యి తగిలిందనీ, స్పృహ తప్పలేదు గానీ కాసేపు కళ్లు తిరిగాయనీ రాశారు. ఎల్లుండి ఫైనల్ అన్నారు. ఆడించకండి. డాక్టర్ చూసి సరేననేదాకా ప్రాక్టీసుకూ పంపకండి.

నేను వికెట్ కీపర్‌ని. గాల్లోకి లేచిన క్యాచ్ కోసం నేనూ, స్లిప్‌లో ఉన్న మావాడూ ఒకేసారి పరిగెత్తాం. వాడి తల నా చెవి పైన గట్టిగా తగిలింది. పడ్డాను, వెంటనే లేచాను. రక్తం లేదు, వాపు లేదు. బాగానే ఉన్నానని చెప్పి మళ్లీ గ్లవ్స్ వేసుకున్నాను. తర్వాత స్కోరెంతని మూడుసార్లు అడిగానట, నాకు గుర్తులేదు. గుర్తున్నది ఒక్కటే. బూటు లేసు ఊడితే కట్టుకుందామని కూర్చున్నాను. రెండు కొసలూ చేతిలో ఉన్నాయి, ముడి ఎలా వేయాలో తెలియలేదు. అలా చూస్తూ ఉండిపోతే అంపైర్ వచ్చి నన్ను బయటికి పంపించారు. ఆయన మేలు మరచిపోలేను.

స్కాన్ నార్మల్‌గానే వచ్చింది. అది చూసి ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ స్కాన్‌లో కనబడేది రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి. కన్‌కషన్, అంటే కుదుపుకు మెదడు పనితీరు కొంతకాలం దెబ్బతినడం, అందులో కనబడదు. తల ఒక్కసారిగా కుదుపుకు గురైతే పుర్రె లోపల మెదడు కూడా కదులుతుంది. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది గానీ ఆ కదలికను పూర్తిగా ఆపలేదు. నాకు మూడు వారాలు వెలుతురు చూస్తే తలనొప్పి, నాలుగు లైన్లు చదివితే వికారం. మెదడు కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి రావచ్చు.

2002లో కుంబ్లే విరిగిన దవడకు కట్టు కట్టుకుని 14 ఓవర్లు వేసిన సంగతి పిల్లలకు స్ఫూర్తిగా చెబుతుంటారు. ఆయనంటే నాకూ ఎంతో గౌరవం. అయితే దవడ నొప్పిని ఓర్చుకోవడం వేరు, మెదడు దెబ్బ వేరు. 1998లో ఢాకాలో హెల్మెట్ లేకుండా బ్యాటర్‌కు బాగా దగ్గరగా, షార్ట్ లెగ్‌లో ఫీల్డింగ్ చేస్తున్న భారత క్రికెటర్ రమణ్ లాంబాకు తలకు బంతి తగిలింది. ఆయన తన కాళ్ల మీదే నడిచి మైదానం దాటారు. మూడు రోజుల్లో చనిపోయారు.

అందుకే ఈ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి. తలనొప్పి పెరుగుతున్నా, మళ్లీ మళ్లీ వాంతులైనా, లేపితే సరిగా లేవకపోయినా, మాట తడబడినా, ఒక కంటిపాప పెద్దగా కనిపించినా, మెడ నొప్పితో చేతులు తిమ్మిరెక్కినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంకొకటి, కంటి కింద చెంప మొద్దుబారిందా, ఒకటి రెండుగా కనబడుతోందా అని అడగండి. అలా ఉంటే కంటి చుట్టూ ఎముక చిట్లి ఉండొచ్చు. డాక్టర్ చూసేదాకా ముక్కు చీదనివ్వకండి.

మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోన్ తక్కువ. చీకటి గదిలో రోజుల తరబడి ఉంచక్కర్లేదు. తర్వాత నడక, ఆపైన మెల్లగా పరుగు, ఆ తర్వాతే బంతితో ప్రాక్టీసు. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. ఇబ్బంది పెరిగితే ఆగి, ఒక మెట్టు వెనక్కి. మ్యాచ్ అన్నిటికన్నా చివర, అదీ డాక్టర్ ఒప్పుకున్నాకే. పిల్లలకు నాలుగు వారాల దాకా పట్టొచ్చు.

కోచ్‌కి ఇవాళే మీరే ఫోన్ చేయండి, అబ్బాయి చేత చెప్పించకండి. ఫైనల్ ముందు టీమ్‌మేట్స్ మధ్య నిలబడి నేను ఆడలేను అనడం ఆ వయసులో చాలా కష్టం.