పాత మారుతి 800లో క్యాసెట్ ప్లేయర్: పీకేయాలా, బాగుచేసుకోవాలా?

మీరు అడిగింది ఇదీ: చిత్తూరులో ఉంటారు, నాన్నగారి మారుతి 800 మీ చేతికొచ్చింది. అందులో క్యాసెట్ సెట్టు తిరుగుతోంది కానీ పాట సాగదీసినట్టు, మూగగా వస్తోంది. ఒక క్యాసెట్ రీలును లోపలికి లాగేసుకుంది కూడా. షాపులో "అది పీకేసి బ్లూటూత్ సెట్టు పెట్టించుకోండి" అన్నారు.

ఇప్పుడే పీకించకండి. మా నాయన కారునీ అందులోని సెట్టునీ తిరుపతిలో ఇప్పటికీ వాడుతున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా. మీరు చెప్పిన లక్షణాలు ఎక్కువగా మురికి వల్ల, ముదిరిపోయిన రబ్బరు వల్ల వచ్చేవే. ముందు రేడియో పెట్టి చూడండి. అది శుభ్రంగా వినిపిస్తే ఆంప్లిఫయర్, స్పీకర్లు బాగున్నట్టే. తేడా రీలు తిరిగే చోట మాత్రమే ఉంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బాగయిందని తేలేదాకా నాన్నగారు దాచుకున్న క్యాసెట్లు ఏవీ అందులో పెట్టొద్దు. పోయినా బాధలేని క్యాసెట్ ఒకటి వెతికి, పరీక్షలన్నీ దానిమీదే చేయండి. సెట్టు ఇంకోటి దొరుకుతుంది, ఇంట్లో రికార్డు చేసుకున్న క్యాసెట్ దొరకదు.

రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో, పాటను చదివే హెడ్‌ను రాసుకుంటూ పోవాలి. ఆ వేగాన్ని పట్టి ఉంచేది సన్నటి ఉక్కు కడ్డీ, దాన్ని అదిమిపట్టే నల్లటి రబ్బరు రోలరు. రోలరు గట్టిపడి నున్నగా అయితే రీలు జారుతుంది, పాట సాగుతుంది. లోపలి బెల్టు వదులైనా అంతే. ఇక దాటొచ్చిన రీలును చుట్టుకోవాల్సిన చక్రం తిరగకపోతే, అదంతా పోగుపడి కడ్డీకి చుట్టుకుంటుంది. మీ క్యాసెట్‌ను లాగేసుకుంది అందుకే. అప్పుడు చేత్తో లాగితే రీలు సాగిపోతుంది, ఇక ఆ చోట పాట ఎప్పటికీ వంకరగానే వస్తుంది. సెట్టు ఆపి, ఎజెక్ట్ నొక్కి, టార్చి వేసుకుని నిదానంగా విడిపించి, పెన్సిల్‌తో చుట్టుకోండి.

శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవులు తుడుచుకునే దూది బడ్స్ చాలు. శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, హెడ్ మీద జిగురు పొర మిగులుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది. కారు సెట్టులో హెడ్ బాగా లోపలికి ఉంటుంది కాబట్టి సెట్టు బయటికి తీసి, పైమూత విప్పి చేస్తే మేలు. మొదటి బడ్ గోధుమరంగుకి తిరుగుతుంది, అది రీలు నుంచి రాలిన పొడి. బడ్ తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవండి. రబ్బరు రోలరుకు మాత్రం కొద్దిగా సబ్బునీళ్లు, తర్వాత మంచినీళ్ల తడిగుడ్డ మంచిది. విప్పడం కుదరకపోతే ద్రవం వేసి వాడే క్లీనింగ్ క్యాసెట్ తీసుకోండి. పొడిగా గీసి శుభ్రం చేసే రకం హెడ్‌ను అరగదీస్తుంది. బెల్టు మార్చాల్సివస్తే పాతదాన్ని చేత పట్టుకుని చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌కి వెళ్లండి, మాది అక్కడే దొరికింది.

తుడిచాక కూడా మూగగానే ఉంటే ఇంకో పరీక్ష ఉంది. కొన్న క్యాసెట్ ఒకటి, ఇంట్లో టూ ఇన్ వన్‌లో (రేడియో, టేప్‌రికార్డరు కలిసిన సెట్టులో) రికార్డు చేసింది ఒకటి పెట్టి వినండి. మా కారులో కొన్నవి కణకణమని వచ్చేవి. నాయన ఊళ్లో రికార్డు చేసిన హరికథలో మాత్రం చిడతలు దుప్పటి కప్పినట్టుండేవి. సెట్టు తప్పు కాదది. రికార్డు చేసిన మిషన్ హెడ్ వాలు వేరు, కారు హెడ్ వాలు వేరు. హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఆ వాలును మారుస్తుంది. దాన్ని తిప్పితే హరికథ బాగవుతుంది, మిగతావన్నీ పాడవుతాయి. అందుకే కొన్న క్యాసెట్లు కూడా మూగగా ఉంటే తప్ప దాని జోలికి పోకండి. పోయినా, ముందు ఉన్న చోట గుర్తు పెట్టుకోండి.

మన ఎండల సంగతి మీకు తెలియంది కాదు. మేలో అలిపిరి దగ్గర బండి ఆపి కొండకు నడిచి వెళ్లి వచ్చేసరికి డ్యాష్‌బోర్డు ముట్టుకోలేం. ఆ వేడికి క్యాసెట్ పెట్టె వంగిపోతుంది. చాలామంది వెనక అద్దం కింద పలకమీద, స్పీకర్ల పక్కనే క్యాసెట్లు పేరుస్తారు. ఒకవైపు ఎండ, ఒకవైపు స్పీకర్ అయస్కాంతం, రెండూ రీలుకు చేటే. సీటు కింద డబ్బాలో పెట్టుకోండి, దిగేటప్పుడు వెంట తీసుకెళ్లండి. ఇంజన్ ఆపే ముందు ఎజెక్ట్ నొక్కడం అలవాటు చేసుకోండి. కొన్ని సెట్లలో రోలరు కడ్డీకి అదుముకునే ఉండిపోయి గుంట పడుతుంది. కారుకు సీ-60, సీ-90 క్యాసెట్లు చాలు (ఆ అంకె రెండు వైపులా కలిపి ఎన్ని నిమిషాలో చెబుతుంది), సీ-120 రీలు మరీ పల్చన, త్వరగా చిక్కుపడుతుంది. ఏళ్లతరబడి కదలని క్యాసెట్‌ను వినే ముందు ఒకసారి చివరిదాకా ముందుకు, వెనక్కు తిప్పండి.

నాన్నగారి గొంతు గానీ, ఇంటివాళ్ల గొంతులు గానీ ఉన్న క్యాసెట్లను కారులో వినడం కంటే ముందు, మంచి క్యాసెట్ డెక్ (ఇంట్లో వాడే పెద్ద ప్లేయర్) ఉన్నవాళ్ల దగ్గర కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దానితో పని జరుగుతుంది.

ఫోన్‌లో పాటలే కావాలంటే క్యాసెట్ ఆకారంలో వైరు వేలాడే అడాప్టర్ ఉంటుంది, సెట్టు తీయకుండానే పనవుతుంది. అప్పటికీ కొత్త సెట్టే పెట్టిస్తానంటే వైరింగ్ దగ్గర నిలబడి చూడండి. పసుపు వైరు నేరుగా బ్యాటరీకి, ఎరుపు తాళానికి, నలుపు బాడీకి పోవాలి. పాత బండ్లలో స్పీకర్ నెగటివ్‌ను బాడీకే కలిపి ఉంచిన సందర్భాలుంటాయి. కొత్త సెట్టుకు అలా కలిపితే లోపలి ఐసీ (ఆంప్లిఫయర్ చిప్పు) కాలిపోతుంది, స్పీకర్‌కు రెండు వైర్లూ విడిగా లాగించండి. తీసిన పాత సెట్టును స్క్రాపుకు వేయకుండా మాబోటివాళ్లకు ఇవ్వండి, అందులోని రోలరూ మోటారూ కొత్తవి దొరకడం కష్టం.