మంచు ఊరికి వస్తున్న మేనకోడలికి, పాత బండి గురించి

సిరక్యూస్, న్యూయార్క్ రాష్ట్రం

చి.ల.సౌ. అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

ఆగస్టులో మీరు డాలస్ వదిలి మా ఊరు వచ్చేస్తున్నారని మీ అమ్మ చెప్పగానే మీ అత్తయ్య పైగది దులపడం మొదలుపెట్టింది. నువ్వు మాత్రం కుశలప్రశ్న కూడా లేకుండా, "మామయ్యా, పాత సుబారు ఔట్‌బ్యాక్ కారు ఒకటి చూశాం, కొనమంటారా?" అని ఒక్క ముక్క పంపి ఊరుకున్నావు. కొనమనే అంటాను. పదిహేనేళ్ళు దాటింది మా ఇంట్లో ఆ బండి తిరగబట్టి. మొదటిది 2008 నాటిది, ఇప్పుడున్నది 2016 నాటిది, రెండూ ఒకరు వాడి అమ్మినవే. అయితే ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు. లెక్కల మనిషి కదా, ఎన్ని మైళ్ళు తిరిగింది, ధర ఎంత అని చూసి తేల్చేస్తాడేమోనని నా భయం.

నువ్వు పంపిన ఫోటోలు పన్నెండూ చూశాను. ముందు నుంచి, వెనక నుంచి, సీట్లు, స్టీరింగు, పైకప్పు అద్దం, అన్నీ ఉన్నాయి. టైర్లు ఒక్క ఫోటోలోనూ సరిగ్గా లేవు. ఈ రకం బండికి ముందు చూడవలసింది అవే. ఎందుకంటావా, నా బుద్ధితక్కువ కథ చెబుతాను.

మొదటి బండి కొన్న మూడో ఏడు, మార్చిలో మంచు కరిగి రోడ్లన్నీ గుంతలు పడ్డ రోజుల్లో, ఒక గుంతలో పడి ముందు టైరు పక్కన చీలిపోయింది. మిగిలిన మూడూ సగం అరిగి ఉన్నాయి. టైర్ల కొట్టు కుర్రవాడు "ఒకటి మారిస్తే చాలు" అన్నాడు. నేనూ సరేనన్నాను. మూడు టైర్ల డబ్బు మిగిలిందని ఇంటికి వచ్చి గొప్పగా చెప్పుకున్నాను కూడా. వేసవి మధ్యలో ఒక రోజు కూరగాయల కొట్టు ముందు బండి నిలుపుతూ స్టీరింగు పూర్తిగా తిప్పితే, కాళ్ళకు బంధం వేసిన గేదెలాగా బండి కుంటుతూ, గుంజుతూ కదిలింది. ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు ఉంది. బ్రేకు పట్టేసిందేమో అనుకున్నాను. మెకానిక్ బండి ఎక్కకుండానే నాలుగు టైర్లనూ చేత్తో తడిమి, "ఇది ఎవరు వేశారు?" అని అడిగాడు.

సంగతి ఇది. కొత్త టైరు మీద గాడుల లోతు ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటే, నా పాత టైర్ల మీద నాలుగున్నర ఉంది. ఆ మూడున్నర మిల్లీమీటర్ల తేడాకు చుట్టుకొలతలో రెండు సెంటీమీటర్ల పైన తేడా వస్తుంది. కొత్త టైరు ఒక మైలు దొర్లేలోపు పాతవి ఏడెనిమిది చుట్లు ఎక్కువ తిరగాలి. మామూలు బండిలో అది పెద్ద విషయం కాదు. దీనిలో మాత్రం నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య, గేరుపెట్టె తోక భాగంలో, పలుచని పలకల క్లచ్చి ఒకటి ఉంటుంది. మలుపుల్లో వచ్చే చిన్న చిన్న తేడాలను సర్దడం దాని పని. తేడా మలుపుల్లోనే కాక తిన్నని రోడ్డు మీద కూడా, ప్రతి మైలుకూ ఉంటే, ఆ పలకలు రోజంతా రాసుకుని వేడెక్కి పాడైపోతాయి. నేను మూడు టైర్ల డబ్బు మిగిల్చుకుని, ఆ మరమ్మతుకు 1,400 డాలర్లు కట్టాను. ఆ పైన నాలుగు టైర్లూ కొనక తప్పలేదు.

నాలుగు టైర్ల చుట్టుకొలతల్లో పావు అంగుళానికి మించి తేడా ఉండకూడదని కంపెనీ చెబుతుంది. లోతులో చూస్తే అది ఒక్క మిల్లీమీటరు. కాబట్టి శనివారం బండి చూడటానికి వెళ్ళినప్పుడు జేబులో 25 సెంట్ల నాణెం వేసుకుని వెళ్ళు. నాణెం మీది వాషింగ్టన్ బొమ్మ తలకిందులుగా ఉండేట్టు టైరు గాడిలో నిలబెట్టు. రబ్బరు అంచు ఆయన నడినెత్తిని కూడా అందుకోకపోతే మూడు మిల్లీమీటర్లకు దిగిందని అర్థం, ఆ టైరు చలికాలానికి పనికిరాదు. ఒక టైరుకు ఒక చోట చూసి వదిలేయకు. లోపలి అంచున, నడుమ, బయటి అంచున, మూడు చోట్లా నాలుగింటికీ చూడు. నాలుగూ ఒకే కంపెనీవా, ఒకే రకమా అన్నది కూడా చూడు. టైరు పక్కన చెక్కిన అంకెల్లో చివరి నాలుగూ అది తయారైన వారం, ఏడాది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్ల మీద నాలుగు రకాల పేర్లు కనిపిస్తే ధర తగ్గించమని అడగడం కాదు, మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. టైర్ల సంగతి అలా చూసినవాడు మిగతాది ఎలా చూసి ఉంటాడు?

కొన్న తరువాత ఎప్పుడైనా ఒక టైరే పోయి, మిగతా మూడూ బాగుంటే, కొత్త టైరును పాతవాటి లోతుకు చెక్కి ఇచ్చే కొట్లు ఉన్నాయి. కొత్త చీర అంచు కత్తిరిస్తున్నట్టు మనసు ఒప్పుకోదు కానీ గేరుపెట్టె కంటే చవక.

ఇక రెండో మాట. ఈ బండి మంచులో కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి చెయ్యదు. బ్రేకులు ప్రతి బండికీ నాలుగు చక్రాలకూ ఉంటాయి కదా, ఇందులో దీని గొప్ప ఏమీ లేదు. మా ఊళ్ళో ఏడాదికి సగటున 120 అంగుళాల మంచు పడుతుంది. అంటారియో సరస్సు మీదుగా వచ్చే గాలి తేమనంతా మోసుకొచ్చి మన నెత్తిన కుమ్మరిస్తుంది. మొదటి చలికాలం నేను కొండ ఎక్కేటప్పుడు పక్కవాళ్ళ కార్లు జారుతుంటే మాది గుర్రంలా ఎక్కేసింది. ఆ మిడిసిపాటుతోనే దిగేటప్పుడు, ఆగమన్న గుర్తు దాటి జారి వెళ్ళి, ఎదురింటి వాళ్ళ ఉత్తరాల పెట్టెను పడగొట్టాను. మీ అత్తయ్య ఇప్పటికీ ఆ ఇంటివాళ్ళకు ప్రతి సంక్రాంతికీ అరిసెలు పంపుతుంది.

అందుకని చలికాలపు టైర్లు విడిగా, వాటి చక్రాలతో సహా, ఒక జత కొనుక్కోండి. జత అంటే నాలుగు. కొండ బొమ్మ లోపల మంచురేకు ఉన్న ముద్ర టైరు పక్కన ఉండాలి. ఎప్పుడు మార్చాలన్న దానికి మా ఇంట్లో ఒక లెక్క ఉంది. సుబారు అంటే జపాను భాషలో కృత్తికా నక్షత్రం. బండి ముక్కు మీద ఉన్న ఆరు చుక్కలూ మన కృత్తికలే. 1953లో ఒకటైన కంపెనీలకు గుర్తుగా పెట్టుకున్నారట. పున్నమి చంద్రుడు ఆ నక్షత్రం దగ్గర ఉండే నెల కార్తీకం కదా. సరిగ్గా ఇక్కడ చలి దిగేది అప్పుడే. మీ అత్తయ్య కార్తీక దీపం పెట్టే వారంలో నేను టైర్లు మార్చేస్తాను. విప్పడం మాత్రం ఉగాదికి తొందరపడకు, శ్రీరామనవమి దాటనివ్వు. ఏప్రిల్‌లో మంచు పడ్డ ఏళ్ళు చాలా చూశాను.

ఇంజను సంగతి. ఏ సంవత్సరపు బండి అన్నది ఇక్కడ ముఖ్యం. 2012 వరకు వచ్చిన 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్లలో టైమింగ్ బెల్టు, అంటే వాల్వులనూ పిస్టన్లనూ లయ తప్పకుండా నడిపే పట్టీ, ఉంటుంది. లక్షా ఐదు వేల మైళ్ళకు మార్చాలి. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పోతుంది. మార్చినట్టు రసీదు చూపించనిదే నమ్మవద్దు. ఆ పాత ఇంజన్లలో సిలిండర్ హెడ్ గ్యాస్కెట్లు, అంటే ఇంజను అతుకు మధ్య బిగించే పలుచని బిళ్ళలు, కారడం తెలిసిన విషయమే. సిలిండర్లు పక్కకు పడుకుని ఉంటాయి కాబట్టి కారినా పైనుంచి కనపడదు, కిందకు దూరి చూడాలి. 2013 నుంచి బెల్టుకు బదులు గొలుసు వచ్చింది, ఆ బాధ పోయింది. అయితే ఆ కొత్త ఇంజన్లలో మొదటివి కొన్ని ఆయిల్ ఎక్కువగా తాగుతున్నాయని యజమానులు కోర్టుకెక్కితే 2016లో రాజీ కుదిరి, వారంటీ పొడిగించారు. అలాగే 2010 నుంచి 2015 దాకా వచ్చిన బండ్ల గేర్ల మెట్లు లేని ఆటోమేటిక్ గేరుపెట్టెకు (సీవీటీ అంటారు) పదేళ్ళు లేదా లక్ష మైళ్ళ వారంటీ ఇచ్చారు. ఆ పదేళ్ళూ ఇప్పుడు గడిచిపోయాయి. "కంపెనీయే చూసుకుంటుందండీ" అని అమ్మేవాడు అంటే నవ్వి ఊరుకో. నువ్వు చూసినది 2017 నాటిది, అందుకే నాకు ఎక్కువ దిగులు లేదు. గేరుపెట్టె ద్రవం మార్చినట్టు రసీదు ఉందేమో మాత్రం అడుగు. మా మెకానిక్ 60 వేల మైళ్ళకోసారి మార్చమంటాడు, నేను మారుస్తాను.

డాలస్‌లో కొని ఇక్కడికి తేవడం మంచి ఆలోచనే. ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పుకు పదేళ్ళ బండి అడుగు భాగం అప్పడంలా పొడిపొడి అవుతుంది. టెక్సాస్ బండికి ఆ తుప్పు ఉండదు. కానీ అక్కడ వడగళ్ళు ఉన్నాయి, వరదలూ ఉన్నాయి. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు బానెట్టును పక్కనుంచి చూడు, గుంటలు తెలుస్తాయి. ప్రతి సీటు బెల్టునూ చివరి దాకా లాగి చూడు. నీళ్ళలో మునిగిన బండి అయితే చుట్టలో లోపలి భాగం మీద బురద గీత ఉంటుంది. పైకి ఎంత కడిగినా అక్కడ ఎవరూ కడగరు. ఇంజను మరీ తళతళలాడుతున్నా అనుమానించు. నాకు మొదటి బండి అమ్మినవాడు ఇంజను కడిగించి చూపించాడు, నెల తిరగకుండానే కింద ఆయిల్ చుక్కలు కనిపించాయి. బండి పదిహేడు అక్షరాల నంబరు తీసుకుని ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ సైటులో రికాల్స్, అంటే కంపెనీ బండ్లను వెనక్కి పిలిచి సరిచేసే లోపాలు, ఏమైనా మిగిలి ఉన్నాయా అని చూడు, డబ్బు అక్కరలేదు. మీకు తెలిసిన మెకానిక్ చేత లిఫ్టు మీద ఎక్కించి చూపించు. ఆ మాట అనగానే అమ్మేవాడికి ముఖం మాడితే మీకు జవాబు దొరికినట్టే.

ఇక ఇంట్లో మనిషిలా దానితో బతకడం ఎలా ఉంటుందని కదా అసలు నీ ప్రశ్న. బాగుంటుంది. గూబలదిరే వేగం లేదు. కొలరాడోలో ఉన్న మా స్నేహితుడు, పదకొండు వేల అడుగుల పైన ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం ఎక్కేటప్పుడు ఇంజను మూలుగు విని భార్య విష్ణు సహస్రనామం మొదలుపెడుతుందని చెబుతాడు. మీకు అంత కొండలు లేవు. వెనక సీట్లు మడిస్తే పీపా లాంటి గిన్నెలు, రెండు తబలాలు, ఇరవై పౌన్ల బియ్యం సంచులు ఆరు పడతాయి. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి ఆరు గంటల దారి, మీ అత్తయ్య ముందు సీటులో నిద్రపోయి గుడి దగ్గర లేస్తుంది. వెనక్కి తిరిగి ఉండే చంటివాడి సీటు బిగించాక ముందు కూర్చునే అల్లుడి మోకాళ్ళు ఎక్కడికి వస్తాయో అక్కడే చూసుకోండి, చంటివాడి సీటు తీసుకునే వెళ్ళు. మా 2016 బండికి గ్యాలనుకు హైవే మీద 33 మైళ్ళు అని కాగితం మీద ఉంటుంది. చలికాలపు టైర్లతో, ఊళ్ళో, నాకు 24కు మించి రాదు. కొన్ని బండ్లలో కెమెరాలు ముందు అద్దం వెనక ఉంటాయి. అద్దం పగిలితే అద్దంతో పాటు కెమెరాలు సరిచేయించే ఖర్చు కూడా ఉంటుంది. మీ బీమాలో అద్దం ఉందో లేదో ముందే అడుగు.

బండి ఎప్పుడైనా ఆగిపోతే నాలుగు చక్రాలూ నేల మీద లేకుండా, బల్లలాంటి లారీ మీదే ఎక్కించాలి. రెండు చక్రాలు ఎత్తి ఈడ్చుకెళితే మళ్ళీ ఆ క్లచ్చి పలకలే పోతాయి. ఒకసారి నేను ఊళ్ళో లేనప్పుడు బ్యాటరీ చచ్చి బండి ఆగితే, కొక్కెం లారీ వచ్చింది. మీ అత్తయ్య మంచులో చెప్పులతోనే దిగి బండికి అడ్డంగా నిలబడి, వేరే లారీ వచ్చేదాకా ఆ మనిషిని ముట్టుకోనివ్వలేదు. బీమావాళ్ళకు ఫోను చేసేటప్పుడు "ఆల్ వీల్ డ్రైవ్ బండి" అని మొదటే చెప్పు.

బండి కొన్నాక పూజకు మాత్రం మీ అత్తయ్యను అడగకుండా ముహూర్తం పెట్టకండి. నిమ్మకాయలు కూడా తానే తెస్తానంటోంది. చెడిపోయిన బండిని ఈ దేశంలో నిమ్మకాయ అనే పిలుస్తారని చెబితే నమ్మలేదు.

శనివారం చూడటానికి వెళ్ళేటప్పుడు ఒక టార్చిలైటు, ఆ నాణెం, పాత దుప్పటి తీసుకెళ్ళండి. కింద దూరి చూసే పని అల్లుడికి అప్పగించు, మొన్న పుట్టినరోజుకు మేము పంపిన చొక్కా మాత్రం వేసుకోవద్దని చెప్పు. నాలుగు టైర్ల ఫోటోలూ నాణెంతో సహా నాకు పంపు, రాత్రి పదకొండు దాకా మెలకువగానే ఉంటాను.

ఆశీస్సులతో,
మామయ్య